బాగు చేయించాలా? అమ్మాలా?

మల్దకల్‌లో ఒక ఇల్లు అనుకుందాం. ఇంట్లో నలుగురు. అత్త, కొడుకు, కోడలు, బడికి పోయే పిల్ల. పేర్లు ఎందుకు? ఇలాంటి ఇళ్లు మన నడిగడ్డలో చాలా ఉన్నాయి. కృష్ణకు, తుంగభద్రకు నడుమ ఉన్న నేల ఇది. అందుకే నడిగడ్డ అన్నారు. అటు ఒక నది, ఇటు ఒక నది. అయినా ఎన్నో పొలాలకు బోరే ఆధారం.

కొడుకు బోరు మోటర్ల మేస్త్రీ. ఊళ్లో చిన్న వైండింగ్ దుకాణం ఉంది. ఎక్కడో పొలంలో మోటరు కాలిపోతుంది. రైతు కబురు చేస్తాడు. మేస్త్రీ పోతాడు. మోటరు బయటికి తీస్తాడు. దుకాణానికి తెచ్చి కొత్త తీగ చుడతాడు. మళ్లీ పోయి బిగించి వస్తాడు. ఈ పనికి అతనికి ఒక పాత మారుతి ఓమ్ని వ్యాను ఉంది.

ఓమ్ని వ్యాన్లు మన రోడ్ల మీదికి 1984లో వచ్చాయి. 2019లో కంపెనీ వాటి తయారీ ఆపేసింది. అయినా సామాను ఇంకా దొరుకుతుంది. అందుకే పల్లెల్లో ఇవి ఇంకా తిరుగుతున్నాయి.

ఈ ఇంటి వ్యాను నంబరు పలకను కోడలే మొదట చదివింది. ఏపీ 22 అని ఉంది. అంటే తెలంగాణ రాకముందు, పాత మహబూబ్‌నగర్ జిల్లాలో రిజిస్టరు అయిన బండి. 2014 తర్వాత మన బండ్లకు టీఎస్ అని రాశారు. 2024 మార్చి నుంచి కొత్త బండ్లకు టీజీ అని రాస్తున్నారు. పలక చదివితే బండి వయసు కొంత తెలిసిపోతుంది. ఈ వ్యానుకు 15 ఏళ్లు నిండబోతున్నాయి.

ఆ వ్యాను ఇప్పుడు మొరాయిస్తోంది. పొద్దున స్టార్టు కాదు. అయితే దారిలో ఆగుతుంది. ఒకసారి ఐజ రోడ్డులో ఆగింది. ఇంకోసారి ఎర్రవల్లి చౌరస్తా దగ్గర ఆగింది. ట్రాక్టరుకు కట్టి లాక్కొచ్చారు. పైరు ఎండుతుంటే రైతు ఎంతసేపు ఆగుతాడు? వేరే మేస్త్రీని పిలుచుకుంటాడు. ఊరందరి మోటర్లు బాగు చేసే మనిషి బండి మాత్రం రోడ్డు పక్కన నిలబడింది. చూసినవాళ్లు నవ్వారు.

మెకానిక్ చూశాడు. ఇంజను పని పడింది అన్నాడు. 28,000 రూపాయలు అవుతుంది అన్నాడు.

చేతిలో అంత డబ్బు లేదు. భర్త భార్యను అడిగాడు.

"సంఘంల అప్పు తియ్యి. నూటికి రూపాయి వడ్డీయే గదా. నెలనెలా కట్టేద్దాం."

ఆమె వెంటనే అవును అనలేదు, కాదు అనలేదు. ఒక్క మాట మాత్రం గమనించింది. బండి ఆయన పేరున ఉంది. అప్పు ఆమె పేరున పడుతుంది. కిస్తు ఆగితే సంఘంలో తల వంచుకొని కూర్చునేది ఆమె.

"నాల్గు దినాలు ఆగు. లెక్క రాసి చూస్తా" అంది.

పోయిన ఏడు ఎంత పోసినం?

ఆమె పిల్ల నోటుబుక్కులో వెనక పేజీ తీసింది. భర్తను అడిగి, చీటీలు వెతికి, ఒక్కొక్కటే రాసింది.

బ్యాటరీ – 4,000
రేడియేటరు – 2,500
క్లచ్ ప్లేట్లు – 4,500
రెండు టైర్లు – 5,000
రెండుసార్లు లాక్కొచ్చిన కూలి – 2,000
మొత్తం – 18,000

పన్నెండు నెలలకు 18,000. నెలకు 1,500 రూపాయలు. ఇందులో పెట్రోలు లేదు.

భర్త ఆ అంకె చూసి కాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు.

"చూసినవా, ఇంత పెట్టినం. ఇప్పుడు ఇడిసిపెడితే అదంతా బూడిదల పోసినట్టే గదా. ఇంజను గూడ జేయిస్తే బండి నిలబడ్తది."

చాలామంది ఇలాగే అనుకుంటారు. కానీ ఆ 18,000 తిరిగి రాదు. బండి ఉంచుకున్నా రాదు, అమ్మినా రాదు. కాబట్టి రేపటి లెక్కలో దానికి చోటు లేదు. ఈ సంగతి అత్త ఇంకో రకంగా చెప్పింది.

"ఒట్టిపోయిన బర్రెకు పోయినేడు దాణా పెట్టినమని, ఈయేడు గూడ పెడ్తమా నాయనా?"

"బర్రె అయితే మళ్ల ఈన్తది గదమ్మా" అన్నాడు కొడుకు.

"ఈన్తదో లేదో డాక్టరుకు చూపియ్యి మరి. చూపియ్యకుంట నువ్వెట్ల చెప్తవు?"

ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది. బండి నిజంగా ఒట్టిపోయిందా, లేక చిన్న జబ్బేనా? ఇది ముందు తెలియాలి.

చిన్న జబ్బు, పెద్ద జబ్బు

బండి ఆగిన ప్రతిసారీ ఇంజను పోయినట్టు కాదు. బ్యాటరీ తీగల మీద తెల్లగా బూజు పడితే బండి స్టార్టు కాదు. గీకి, గట్టిగా బిగిస్తే అయిపోతుంది. ప్లగ్గుకు మసి పట్టినా ఇంజను కొట్టుకుంటుంది. గాలి జల్లెడ దుమ్ముతో మూసుకుపోయినా లాగదు. ఇవన్నీ వందల్లో పోయే ఖర్చులు. వీటికోసం బండి అమ్ముకునేవాళ్లు తొందరపడుతున్నట్టే.

పొగ రంగు చూస్తే కొంత తెలుస్తుంది. నల్లటి పొగ వస్తే పెట్రోలు ఎక్కువ పోతోందని, లేదా గాలి సరిగ్గా అందడం లేదని అర్థం. ఇది సర్దుబాటు చేయవచ్చు. నీలం పొగ వస్తే ఇంజన్ ఆయిల్ లోపల మండుతోంది. ఆయిల్ పోసినకొద్దీ తగ్గిపోతుంది. రింగులో, పిస్టన్లో అరిగి ఉంటాయి. ఇది పెద్ద పని. తెల్లటి పొగ ఆగకుండా వస్తూ, రేడియేటరులో నీళ్లు తగ్గిపోతుంటే, ఇంజను తల కింద ఉండే గ్యాస్కెట్టు పోయి ఉండవచ్చు. అదీ పెద్ద పనే. చలికాలం పొద్దున కాస్త తెల్లటి ఆవిరి రావడం మామూలే. దానికి భయపడొద్దు.

ఒక జాగ్రత్త. బండి వేడెక్కి ఆగినప్పుడు రేడియేటరు మూత వెంటనే తీయొద్దు. లోపలి నీళ్లు మరుగుతుంటాయి. ఒక్కసారిగా ముఖం మీదికి చిమ్ముతాయి. ఓమ్నిలో ఇంజను ముందు సీట్ల కిందనే ఉంటుంది. కాబట్టి పిల్లలను ముందు దింపి దూరంగా నిలబెట్టాలి.

ఇంకొక మాట. ఖర్చు తగ్గుతుందని కొందరు వంటింటి సిలిండరు గ్యాసును వ్యానుకు పట్టిస్తారు. అది నేరం. మనుషులతో నిండిన వ్యాను మంటల్లో పడితే తలుపు తీసే సమయం కూడా ఉండదు. ఆ ఖర్చు తగ్గించడం ఎవరికీ వద్దు.

ఈ ఇంటి వ్యాను నీలం పొగ వదులుతోంది. వాళ్లు గద్వాలకు పోయి రెండో మెకానిక్‌కు చూపించారు. మొదటివాడు ఏం చెప్పాడో అతనికి చెప్పలేదు. ఓమ్ని ఇంజనుకు మూడు సిలిండర్లు ఉంటాయి. అతను ప్లగ్గులు తీసి, ఒక్కొక్క దానికి గేజి పెట్టి ఒత్తిడి కొలిచాడు. రెండు బాగున్నాయి, ఒకటి బాగా తగ్గింది. అతనూ ఇంజను పనే అన్నాడు. ఖర్చూ దాదాపు అంతే చెప్పాడు.

కోడలు అతన్ని ఒక కాగితం మీద రాసి ఇవ్వమంది. ఏ సామాను ఎంత, కూలి ఎంత అని విడివిడిగా. "ఎందుకమ్మా?" అన్నాడు. "చదువుకుంటాం" అంది. రాసి ఇచ్చాడు. నోటిమాట రేపటికి మారవచ్చు. కాగితం మారదు. బాగు చేయించేవాళ్లు మార్చిన పాత సామాను కూడా అడిగి తీసుకోవాలి. నిజంగా మార్చారో లేదో అప్పుడు తెలుస్తుంది.

రేపటి లెక్క

ఇప్పుడు అసలు లెక్క. ఇంజను బాగు చేయించి ఇంకో రెండేళ్లు నడుపుతామని అనుకుంటే ఏమవుతుంది? ఆమె ఇలా రాసింది.

ఇంజను పని 28,000.

బండికి 15 ఏళ్లు నిండగానే రిజిస్ట్రేషను పొడిగించుకోవాలి. పొడిగింపు 5 ఏళ్లకు వస్తుంది. కారుకు ఈ రుసుము 2022 ఏప్రిల్ నుంచి 5,000 రూపాయలు చేశారు. అంతకుముందు 600 ఉండేది. అధికారి బండిని చూసి సరిగ్గా ఉందంటేనే పొడిగిస్తారు. రంగుకు, లైట్లకు ఇంకో 3,000 అనుకుంటే మొత్తం 8,000.

బీమా ఏడాదికి దాదాపు 2,500. రెండేళ్లకు 5,000. ఇది థర్డ్ పార్టీ బీమా. బండి తిప్పాలంటే తప్పనిసరి. మన బండి ఎవరినైనా గుద్దితే వాళ్లకు బీమా కంపెనీ పరిహారం ఇస్తుంది. మన బండి బాగుకు మాత్రం ఇందులో పైసా రాదు.

చిన్న రిపేర్లు ఏడాదికి 10,000. రెండేళ్లకు 20,000. ఇంజను ఒక్కటి కొత్తదైతే మిగతా బండి కొత్తది కాదు కదా.

ఇంకొకటి ఉంది. దీన్ని చాలామంది మరిచిపోతారు. బండిని ఈరోజు ఉన్నట్టే అమ్మితే 35,000 వస్తుందని గద్వాలలో చెప్పారు. రెండేళ్ల తర్వాత 24,000 రావచ్చు. అంటే 11,000 తగ్గుతుంది. అదీ ఖర్చే.

28,000 + 8,000 + 5,000 + 20,000 + 11,000 = 72,000

రెండేళ్లు అంటే 24 నెలలు. నెలకు 3,000 రూపాయలు. సంఘం అప్పుకు మొదటి నెల వడ్డీ 280 వేరు. అసలు కట్టేకొద్దీ అది తగ్గుతుంది. అదే డబ్బు బయట నూటికి మూడు రూపాయల వడ్డీకి తెస్తే నెలకు 840 అవుతుంది.

ఇక రెండో వైపు చూడాలి. బండి వల్ల ఎంత మిగులుతోంది?

భర్త దుకాణం రసీదులు లెక్కపెట్టారు. ఏడాదిలో 96 మోటర్లు వచ్చాయి. ఎండాకాలం ఎక్కువ, వానాకాలం తక్కువ. సగటున నెలకు 8. ఒక్క మోటరు తెచ్చి ఇవ్వడానికి సొంత వ్యానులో పెట్రోలు 200 అవుతుంది. ఆటో మాట్లాడితే 500. అంటే వ్యాను ఉంటే ఒక్కదానికి 300 మిగులుతుంది.

8 × 300 = 2,400

అత్తకు మోకాళ్ల నొప్పి. బస్సు మెట్లు ఎక్కలేదు. నెలకోసారి గద్వాల ఆసుపత్రికి తీసుకుపోవాలి. సొంత వ్యాను అయితే 300, కిరాయి ఆటో అయితే 700. ఇక్కడ 400 మిగులుతుంది.

మరి పెళ్లిళ్లకు, పుట్టింటికి పోవడం? ఇక్కడ ఆమె సున్నా రాసింది. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో ఆడవాళ్లకు పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్టు డబ్బు లేదు. భర్త ఒక్కనికి టికెట్టు తీస్తే చాలు. వ్యానులో పోతేనే ఎక్కువ ఖర్చు.

2,400 + 400 = 2,800

బండి మీద పోయేది నెలకు 3,000. బండి వల్ల మిగిలేది 2,800.

"రెండు నూర్ల తేడాకు బండి అమ్ముకుంటారా ఎవరన్నా?" అన్నాడు భర్త.

అతని బాధ అబద్ధం కాదు. వ్యాను ఉంటే కబురు రాగానే లేచి పోవచ్చు. ఆటోవాని కోసం ఎదురు చూడాల్సిన పని లేదు. నలుగురిలో ఒక మర్యాద కూడా ఉంటుంది. ఇవి నోటుబుక్కులో ఎక్కవు. కానీ అప్పు వడ్డీ ఎక్కుతుంది. దారిలో ఆగిన రోజు పోయిన పని కూడా ఎక్కుతుంది. ఆమె ఇంకో లెక్క వేసి చూపించింది.

"నెలకు పది మోటర్లు వస్తే మూడు వేల నాల్గు నూర్లు మిగుల్తయి. అప్పుడు నేనే అప్పు తెస్తుంటి. మనకు వస్తున్నది ఎనిమిదే."

ఇదే వ్యాను, ఇదే ఇంజను, ఇదే ఖర్చు. పక్క ఊరి మేస్త్రీకి నెలకు 12 మోటర్లు వస్తుంటే అతను బాగు చేయించుకోవడమే లాభం. మెకానిక్‌ను అడిగితే ఇంజను గురించి చెప్తాడు. ఈ సంగతి చెప్పలేడు. అది ఇంటివాళ్ల రసీదుల్లోనే ఉంటుంది.

దుకాణం దగ్గర ఒకరు సలహా ఇచ్చారు. సీడు పత్తి క్రాసింగుకు కూలీలను పొలాలకు ఎక్కించుకుపోతే రోజూ కిరాయి వస్తుందని. వ్యానుకు ఉన్నది తెల్ల పలక. తెల్ల పలక సొంత వాడకానికే. కిరాయికి మనుషులను ఎక్కించాలంటే పసుపు పలక, పర్మిటు, వేరే బీమా కావాలి. అవి లేకుండా ఎక్కించి ఏదైనా జరిగితే బీమా కంపెనీ అడ్డం తిరుగుతుంది. అప్పుడు ఆ కూలీల ఇళ్లకు ఎవరు జవాబు చెప్పాలి? ఎక్కేది ఎక్కువగా ఆడవాళ్లే. అత్త ఈ మాట వినగానే వద్దంది.

అమ్మేటప్పుడు

అమ్మాలని అనుకున్నాక భర్తకు ఒక ఆలోచన వచ్చింది. ఇంజను బాగు చేయించి అమ్మితే 50,000 వస్తుంది కదా?

వస్తుంది. ఇప్పుడు 35,000, అప్పుడు 50,000. ఎక్కువ వచ్చేది 15,000. దానికి పెట్టేది 28,000. ఈ లెక్క నోటితోనే చేయవచ్చు. అమ్మే బండికి పెద్ద పని చేయించొద్దు. కడిగి, సీట్లు దులిపి, బ్యాటరీ సరిగ్గా ఉంచితే చాలు. ఇంజను సంగతి కొనేవాళ్లకు ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. దాచి అమ్మితే రేపు వాళ్లు ఇంటి ముందుకే వస్తారు.

ఇద్దరు కొనడానికి వచ్చారు.

ఒకతను రాయచూరు వైపు నుంచి వచ్చాడు. 38,000 ఇస్తానన్నాడు. డబ్బు చేతిలోనే ఉంది. "కాగితాలు తర్వాత చూసుకుందాం. ఈ ఫారాల మీద సంతకం పెట్టియ్యండి చాలు" అన్నాడు. ఫారాలు ఖాళీగా ఉన్నాయి.

రెండో అతను గద్వాల మనిషి. 35,000 ఇస్తానన్నాడు. పేరు మార్పించుకుంటానన్నాడు.

3,000 తేడా. భర్తకు మొదటి బేరమే నచ్చింది. అది సహజం. కోడలు మాత్రం ఆ ఖాళీ ఫారాన్ని చేతిలోకి తీసుకొని మెల్లగా చదివింది. కొనేవాని పేరు – ఖాళీ. ఊరు – ఖాళీ. తేదీ – ఖాళీ.

బండి తాళం ఇచ్చినంత మాత్రాన బండి మన నుంచి పోదు. ఆర్సీ మీద ఎవరి పేరు ఉంటే చట్టానికి వాళ్లే యజమాని. 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఈ మాట గట్టిగా చెప్పింది. ఆ కేసులో బండి ఒకరి తర్వాత ఒకరికి, చాలా చేతులు మారింది. రిజిస్ట్రేషను మాత్రం మొదటి మనిషి పేరునే ఉండిపోయింది. ఆ బండి వల్ల ప్రమాదం జరిగింది. పరిహారం బాధ్యత మొదటి మనిషి మీదే పడింది. బండి అమ్మి ఎంత కాలమైనా సరే, పేరు మారలేదు కాబట్టి.

పరిహారం అంటే లక్షల్లో ఉంటుంది. 3,000 కోసం ఆ భయం నెత్తిన పెట్టుకోవాలా? పోలీసు చలానాలు కూడా ఆ పేరుకే వస్తాయి.

రాయచూరు కర్ణాటకలో ఉంది. కర్నూలు ఆంధ్రప్రదేశ్‌లో ఉంది. మనకు రెండూ దగ్గరే, కానీ రెండూ వేరే రాష్ట్రాలు. అక్కడివాళ్లకు అమ్మితే ముందు మన రవాణా కార్యాలయం నుంచి నిరభ్యంతర పత్రం తీసుకోవాలి. దాన్నే అందరూ ఎన్‌ఓసీ అంటారు. దానికి ఫారం 28. అది లేకుండా అక్కడ పేరు మారదు. మొదటి మనిషి ఆ మాటే ఎత్తలేదు.

మన రాష్ట్రంలోనే అమ్మితే ఫారం 29, ఫారం 30 కావాలి. బండి అమ్మినట్టు అమ్మినవాళ్లు 14 రోజుల్లోగా రవాణా కార్యాలయానికి తెలపాలి. బండి మీద ఫైనాన్సు అప్పు ఉండి తీరిపోయి ఉంటే, ఫారం 35 పెట్టి ఆర్సీ మీద ఆ పేరు తీసివేయించాలి. బీమా కూడా కొత్త యజమాని పేరుకు మారాలి.

వాళ్లు గద్వాల మనిషికే అమ్మారు. తెల్లకాగితం మీద కాదు, స్టాంపు కాగితం మీద రాసుకున్నారు. బండి నంబరు, ఇంజను నంబరు, ధర, తేదీ, బండి అప్పజెప్పిన గంట కూడా రాశారు. గంట ఎందుకు? ఆ సాయంత్రమే ఏదైనా జరిగితే బండి ఎవరి చేతిలో ఉందో తెలియాలి. కొన్నతని ఆధారు నకలు తీసుకున్నారు. ఆర్సీ భర్త పేరున ఉంది కాబట్టి సంతకం అతనిదే. పెట్టే ముందు ప్రతి ఫారం కోడలు పైకి చదివింది. సాక్షి సంతకం ఆమె చేసింది. మూడేళ్ల కింద అయితే అక్కడ వేలిముద్ర ఉండేది.

తర్వాత రవాణా కార్యాలయానికి అందరూ కలిసే పోయారు. రసీదు తెచ్చుకున్నారు. పేరు మారిందని తెలిసేదాకా ఆ రసీదు బియ్యం డబ్బా మీద, అందరికీ కనిపించే చోటనే ఉంది.

35,000లో 30,000 పోస్టాఫీసులో వేశారు. 5,000 దుకాణంలో రాగి తీగకు పెట్టారు. ఊళ్లో ఆటో అతనితో మాట్లాడుకున్నారు. కబురు చేస్తే మిగతా కిరాయిలు వదిలి ముందు రావాలి. మోటరుకు 500. మొదటి నెల 9 మోటర్లు వచ్చాయి. ఆటోకు 4,500 పోయింది. అత్త ఆసుపత్రికి 700. ఒకరోజు ఆటో రెండు గంటలు ఆలస్యంగా వచ్చింది. భర్త బాగా కోప్పడ్డాడు. ఆ రెండు గంటలు కూడా కోడలు నోటుబుక్కులో రాసింది.

మీరు చేయండి

1. పై ఇంట్లో నెలకు 8 మోటర్లు కాక 12 మోటర్లు వస్తే, వ్యాను వల్ల ఎంత మిగులుతుంది? అత్త ఆసుపత్రి లెక్క కూడా కలపండి. 3,000 కంటే ఎక్కువా, తక్కువా?

2. 28,000 రూపాయలకు నూటికి రెండు రూపాయల వడ్డీ అయితే నెలకు ఎంత?

3. మీ ఇంట్లో బండి ఉంటే దాని ఆర్సీ తీసి చదవండి. ఎవరి పేరు ఉంది? రిజిస్ట్రేషను ఏ తేదీ వరకు ఉంది? బీమా కాగితం మీద చివరి తేదీ ఎంత? ఈ మూడూ మీ చేత్తో రాయండి.

4. కొన్న బండి అయితే, పేరు మారిందా? మారకపోతే ఎవరి పేరున ఉంది? ఇంట్లో అడగండి.